ముప్పై ఏడున్నర గంటల గురువారం

జనవరి 10, 2024, బుధవారం

విమానం రాత్రి తొమ్మిది దాటాక. సూర్యాపేట నుంచి శంషాబాద్ చేరడానికి మూడు గంటలు చాలు. అయినా మధ్యాహ్నం మూడింటికే ఇల్లు వదిలాను. ఆ తొందర మా అక్కయ్యది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానం పదకొండో తేదీ తెల్లవారుజామున అని టిక్కెట్టులో చూసింది మొదలు ఆమెకు నిద్ర లేదు. పదకొండు అమావాస్య. "అమావాస్య పూట సముద్రం దాటుతావుటే? తేదీ మార్పించు" అని వారం రోజులు పోరింది. మార్చడం కుదరదని తేలాక పంచాంగం ముందేసుకుని తానే దారి కనిపెట్టింది. అమావాస్య ప్రవేశించేది బుధవారం రాత్రి ఎనిమిది దాటాకే. ఆలోపు గడప దాటితే ప్రయాణం చతుర్దశి నాడు మొదలైనట్టు. చతుర్దశి కూడా అంత మంచిది కాదు గానీ అమావాస్య కన్నా నయమట. పూర్వం మంచి ఘడియలో మూటను పొరుగింట్లో ఉంచి ప్రస్థానం పెట్టేవారు. ఇదీ అలాంటిదే. పెద్దదానికి మనశ్శాంతి కలుగుతుందంటే కాస్త ముందు కదలడం నాకు కష్టం కాదు.

ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను. అక్షాంశాలు, రేఖాంశాలు, అంతర్జాతీయ దినరేఖ ఏటా పిల్లల చేత అప్పజెప్పించాను. దేశం దాటి వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి. కూతురు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో ఉంటుంది. పదేళ్లుగా పిలుస్తోంది.

ప్రయాణం ఖాయమైన రోజే గ్లోబు, దారం తీసుకుని కూర్చున్నాను. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద సుమారు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారాన్ని బిగించి లాగితే 32 సెంటీమీటర్లు వచ్చింది. లెక్కగట్టి చూస్తే దాదాపు 13,540 కిలోమీటర్లు. ఆ దారం పశ్చిమానికి పోలేదు. నేపాల్ మీదుగా హిమాలయాలు దాటి, మంగోలియా, సైబీరియా తాకి, ఆర్కిటిక్ తీరం దగ్గర 71 డిగ్రీలకు పైగా ఉత్తరానికి ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. తరగతి గోడ మీది పటంలో అమెరికా ఎడమ చివర ఉంటుంది. నా పిల్లలంతా అమెరికాకు దారి అరేబియా మీదుగా, అట్లాంటిక్ మీదుగా అనుకునే పెద్దవాళ్లయ్యారు. బడిలో ఉన్న ఒకే ఒక్క గ్లోబు ప్రధానోపాధ్యాయుల గదిలో బీరువాలో ఉండేది. పగిలిపోతుందని బయటికి ఇచ్చేవారు కాదు. గట్టిగా అడిగి తెచ్చుకోవలసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దారంతో ఇంకో సంగతి తేలింది. ఢిల్లీలో మారితే అదనంగా పడేది సుమారు వంద కిలోమీటర్లే. గ్లోబు మీద మూడు మిల్లీమీటర్లు కూడా తేడా రాదు. అదే దుబాయ్‌లో మారితే మొత్తం 15,500 దాటుతుంది, దారం ఐదు సెంటీమీటర్లు పొడుగు కావాలి. ఢిల్లీ మనకు ఉత్తరాన ఉండటమే ఇందుకు కారణం. కాలిఫోర్నియాకు మన దారి మొదట ఉత్తరానికే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటల పది నిమిషాలు. చెప్పుకోవలసింది ఏమీ లేదు.

జనవరి 11, గురువారం

ఢిల్లీలో ఐదు గంటలు కూర్చున్నాను. నా వరసలో తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ ఉన్నారు. ఇది ఆవిడకు నాలుగో ప్రయాణం. "దూరం మాట పక్కన పెట్టమ్మా, కాళ్లు వాయకుండా గంటకోసారి లేచి నడువు" అన్నారు. ఆ ఒక్క మాట నాకు చాలా పనికొచ్చింది.

తెల్లవారుజామున నాలుగు ఇరవైకి విమానం లేచింది. పద్నాలుగున్నర గంటలు పడుతుందని ప్రకటించారు. ముందు సీటు వెనక ఉన్న చిన్న తెర మీద పటం పెట్టుకున్నాను. విమానం నా దారం వెళ్లిన వైపు వెళ్లలేదు. తూర్పుకు తిరిగి మయన్మార్ వైపు సాగింది.

ఎందుకు తిరిగిందో ఒక కారణం నాకు తెలుసు. ఢిల్లీకి నేరుగా ఉత్తరాన టిబెట్ పీఠభూమి ఉంది. దాని సగటు ఎత్తే నాలుగున్నర వేల మీటర్లు. విమానం లోపల గాలి పీడనం ఒక్కసారిగా తగ్గిందంటే పైలట్ వెంటనే సుమారు మూడు వేల మీటర్ల ఎత్తుకు దింపాలి. అక్కడైతేనే మనుషులు మామూలుగా ఊపిరి తీసుకోగలరు. పైనుంచి జారే మాస్కుల్లో ప్రాణవాయువు చాలా విమానాల్లో పావుగంట లోపే అయిపోతుంది. టిబెట్ మీద ఉన్నప్పుడు మూడు వేల మీటర్లకు దిగాలంటే నేలలోకి దిగాలి. అందుకే విమానాలు ఆ పీఠభూమిని సాధ్యమైనంత తప్పించుకుంటాయి. ప్రపంచానికి పైకప్పు అని పాఠంలో చదివించిన మాట ఇలా ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించినదని తరగతిలో ఎన్నడూ చెప్పలేదు.

రెండో కారణం గాలి. 2016 అక్టోబరు వరకు ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. అది సుమారు 13,900 కిలోమీటర్లు. ఆ నెలలో పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్ల దారి పట్టారు. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణ సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది. ఇది చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం అని పిల్లలకు చెబుతాం. ఆ వేగం ఎవరిదో కూడా చెప్పాలి కదా. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతుంది. ఆ గాలే నేల మీద గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పారుతుంటే, విమానం నేల మీద 1,100 దాటినట్టు.

మయన్మార్ దగ్గరపడుతుండగా తెల్లవారింది. బయలుదేరి గంటకు కాస్త ఎక్కువైంది, అంతే. సూర్యుడికి ఎదురు వెళ్తున్నాం కదా, అంత త్వరగా వచ్చేశాడు.

జపాన్ దగ్గరపడుతుంటే తెరలో వేగం అంకె పెరగడం మొదలైంది. 980, 1,040, 1,110. కళ్లు తిప్పుకోలేకపోయాను. ఇదే జెట్ ప్రవాహం. ఉత్తరాన చల్లని గాలికి, దక్షిణాన వెచ్చని గాలికి మధ్య తేడా ఎంత ఎక్కువైతే అది అంత బలంగా వీస్తుంది. అందుకే చలికాలంలో జపాన్ మీద దాని ఉద్ధృతి చూడాలి. విమానం నడక ఏమాత్రం మారలేదు. కప్పులో టీ కూడా కదలలేదు.

భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టే తూర్పు ప్రయాణం త్వరగా అవుతుందని చాలామంది అనుకుంటారు. ఒకసారి ఎనిమిదో తరగతి అబ్బాయి లేచి, "టీచర్, హెలికాప్టర్ పైకి లేచి అక్కడే ఆగితే అమెరికాయే మన కిందికి వస్తుంది కదా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. సిలబస్ మిగిలిపోతుందన్న కంగారులో నేను వాణ్ని కూర్చోమన్నాను. బాబూ, అది చాలా మంచి ప్రశ్న. భూమితో పాటు దాని గాలీ తిరుగుతుంది. రైల్లో కూర్చుని బంతి ఎగరేస్తే నీ చేతిలోనే పడుతుంది, వెనక పెట్టెలో పడదు. భూభ్రమణం విమానాన్ని నేరుగా తొయ్యదు. అది గాలుల దారిని వంచుతుంది, ఆ వంగిన గాలి విమానాన్ని మోస్తుంది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది.

ఈ గాలిని మొదట కొలిచినవాడు ఒక జపాను వాతావరణ శాస్త్రవేత్త, వసాబురో ఓయిషి. 1920లలో తతెనో పరిశీలనా కేంద్రం నుంచి బుడగలు వదిలి, అవి పోయే తీరు దూరదర్శినిలో చూస్తూ లెక్కలు రాశాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో తన నివేదికను, అన్ని దేశాలకూ పనికొచ్చేలా కల్పించిన ఎస్పరాంటో భాషలో అచ్చు వేయించాడు. ఎస్పరాంటో వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు? బయటి ప్రపంచం పట్టించుకోలేదు. 1944లో అమెరికా బాంబర్లు జపాన్ మీద ఎత్తున ఎగిరినప్పుడు ఈ గాలికి ఎదురై ఆశ్చర్యపోయాయి. అదే ఏడాది జపాన్ సైన్యం దీన్ని మరో పనికి వాడుకుంది. కాగితంతో పెద్ద బుడగలు చేసి, బాంబులు కట్టి ఈ ప్రవాహంలో వదిలింది. తొమ్మిది వేలకు పైగా వదిలారు. మూడు నాలుగు రోజుల్లో పసిఫిక్ దాటేవి. చాలావరకు వృథా అయ్యాయి. ఒకటి మాత్రం 1945 మే నెలలో ఆరెగాన్ రాష్ట్రంలో బ్లై అనే ఊరి దగ్గర అడవిలో పేలింది. వనభోజనానికి వెళ్లిన ఐదుగురు పిల్లలు, వాళ్లను వెంట తీసుకెళ్లిన గర్భిణి చనిపోయారు. ఆ బుడగల కాగితాన్ని పొరలు పొరలుగా అతికించింది జపాన్‌లో బడిపిల్లలు. బళ్లు మాన్పించి ఆడపిల్లలను ఆ పనిలో కూర్చోబెట్టారు. చేసిన పిల్లలు, చనిపోయిన పిల్లలు దాదాపు ఒకే వయసువాళ్లు. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా టీచర్లు ఉండే ఉంటారు. కిటికీలోంచి మబ్బుల వైపు చూస్తూ చాలాసేపు వాళ్ల గురించే ఆలోచించాను.

తెర మీద పైవైపు, మా దారికి ఉత్తరాన మగదాన్ అని రష్యా ఊరి పేరు కనిపించింది. 2023 జూన్‌లో ఇదే మార్గంలో వెళ్తున్న విమానం ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి అక్కడే దిగింది. 216 మంది ప్రయాణికులు. పడుకోవడానికి హోటళ్లు చాలక బడిలో పరుపులు వేశారు. వేరే విమానం వచ్చి తీసుకెళ్లేదాకా ఆ ఊరివాళ్లే చూసుకున్నారు. మా అమ్మాయి ఆ వార్త చదివి భయపడి నా ప్రయాణం వాయిదా వేద్దామంది. నేనైతే ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకున్నాను. దూరప్రయాణంలో కింద ఎవరుంటారన్నది చిన్న విషయం కాదు.

టోక్యో సమయం మూడు దాటేసరికి సూర్యుడు వెళ్లిపోయాడు. నా గడియారం ఇంకా మన సమయంలో ఉన్నా లోపల ఆకలి, నిద్ర దేని దారి దానిది. పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకేదాకా ఆరున్నర గంటలు కూడా లేదు. నా జీవితంలో అతి చిన్న పగలు అది.

మళ్లీ జనవరి 10, బుధవారం

దీపాలు తీసేశారు. విమానమంతా నిద్రపోతోంది. నేను నిద్రపోలేదు. ఈ ఘట్టం కోసమే మేలుకున్నాను. తెర మీద రేఖాంశం 176, 178, 179. నా గడియారంలో మధ్యాహ్నం రెండు కావస్తుండగా 180 డిగ్రీల రేఖాంశం, అంటే దినరేఖ దాటాం.

కింద ఏమీ లేదు. నల్లని సముద్రం, నల్లని ఆకాశం. గీత ఉండదని నాకు తెలుసు, పిల్లలకు వందసార్లు చెప్పాను. అయినా కిటికీకి నుదురు ఆనించి కిందికి చూశాను. రేఖకు ఇవతల గురువారం రాత్రి ఎనిమిది. అవతల బుధవారం రాత్రి ఎనిమిది. గురువారం సగంలో వదిలి బుధవారంలోకి వెళ్లాను. అక్కయ్య నన్ను తరిమి తరిమి గడప దాటించింది ఈ బుధవారం రాత్రి ఎనిమిది రాకముందే కదా. అదే గంట మళ్లీ వచ్చింది.

1522 జూలైలో మెజెల్లాన్ నౌకాదళంలో మిగిలిన ఓడ కేప్ వెర్డ్ దీవుల దగ్గర ఆగినప్పుడు ఓడలోని లెక్క ప్రకారం బుధవారం, ఒడ్డున గురువారం. మూడేళ్లు ఒక్కరోజూ తప్పకుండా దినచర్య రాసుకున్న ఓడ ప్రయాణికుడు పిగఫెట్టా నిర్ఘాంతపోయాడు. పశ్చిమానికి పోతూ భూమిని చుట్టి వచ్చినవాళ్లకు ఒక సూర్యోదయం తగ్గుతుందని అప్పటికి ఎవరూ అనుభవించి చూడలేదు. ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతులో ఎప్పుడూ ఉత్సాహం ఉండేది. ఇప్పుడు చెబితే ఇంకా బాగా చెబుతాను.

రెండు గంటల్లో మళ్లీ అర్ధరాత్రి దాటి, మళ్లీ గురువారం వచ్చింది.

జనవరి 11, రెండో గురువారం

ఉదయం 5.20కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాం. బయలుదేరింది గురువారం తెల్లవారుజామున 4.20కి, దిగింది అదే గురువారం తెల్లవారుజామున. గడియారాలు చూసినవాళ్లకు గంట ప్రయాణం. తనిఖీ దగ్గర తిండి పదార్థాలు ఏమున్నాయని అడిగారు. ఉన్నవన్నీ చెప్పాను. సకినాలు, నువ్వుల ఉండలు, కారప్పొడి. సకినాల డబ్బా తెరిచి చూసి నవ్వి పంపించారు.

బయట అమ్మాయి, మనవడు. వాడు నా చెయ్యి పట్టుకుని అడిగిన మొదటి మాట, "అమ్మమ్మా, నీకు నిన్న రెండుసార్లు వచ్చిందా?" తల్లి చెప్పి ఉంటుంది. అయినా నా మనసు నిండింది.

కారు శాన్ మేటియో వంతెన ఎక్కింది. పదకొండు కిలోమీటర్ల వంతెన, రెండు వైపులా అఖాతం. ఎదురుగా తూర్పు కొండల మీద వెలుగు పరుచుకుంది. ఒకే తేదీన రెండో సూర్యోదయం. నేను దణ్ణం పెట్టుకున్నాను, వెనక సీట్లో మనవడు కూడా పెట్టాడు.

ఇల్లు చేరేసరికి 7.45. ఈ గడప నుంచి ఆ గడపకు ముప్పై గంటల పావు. అందులో గాలిలో ఉన్నది పదహారు గంటల నలభై నిమిషాలే. మిగిలిన పదమూడున్నర గంటలు రోడ్డు, వరసలు, నిరీక్షణ. విమానం టిక్కెట్టు కొనేటప్పుడు ఈ రెండో లెక్క చూసుకోవడం అవసరం. ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పంపేవాళ్లు.

అక్కయ్యకు ఫోను చేశాను. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది. "అమావాస్య సాయంత్రం ఐదున్నరకు వెళ్లిపోయింది. నువ్వు దిగింది పాడ్యమిలోనే" అంది, గొప్ప నిశ్చింతగా. అది నిజమే. అమావాస్య అంటే చంద్రుడు సూర్యుడిని కలిసే ఘడియ. దానికి దినరేఖతో పని లేదు. మేము దిగడానికి గంటన్నర ముందు, పసిఫిక్ మీద ఉండగానే అది ముగిసింది. తేదీలు మనుషులు గీసుకున్నవి, తిథి అందరికీ ఒకటే. అక్కయ్య పంచాంగమే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నిలకడైన గడియారం అయింది.

అర్ధరాత్రి దాటి తేదీ మారేసరికి నా గురువారం ముప్పై ఏడున్నర గంటలు నడిచింది.

జనవరి 12, 13

నిద్ర. మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు, రాత్రి రెండింటికి ఆకలి. పదమూడున్నర గంటల తేడా అంటే పగలు పూర్తిగా రాత్రి అయినట్టే. దేహం రోజుకు సుమారు గంట చొప్పున సర్దుకుంటుందంటారు. పొద్దున్నే ఎండలో నడవడం ఒక్కటే నాకు మేలు చేసింది.

జనవరి 14, ఆదివారం

ఈ ఏడాది సూర్యుడు మకరంలో ప్రవేశించేది మన లెక్కలో పదిహేనో తేదీ తెల్లవారుజామున మూడింటికి కాస్త ముందు. ఇక్కడ అదే ఘడియ పద్నాలుగు మధ్యాహ్నం ఒకటిన్నర లోపే. అందుకే సూర్యాపేటలో సంక్రాంతి సోమవారం, ఫ్రీమాంట్‌లో ఆదివారం. రెండూ సరైనవే. అమ్మాయి ముందు రోజే లివర్‌మోర్ గుడికి వెళ్లొచ్చింది. నేను వాకిట్లో సుద్దముక్కతో ముగ్గు వేశాను. వంటింట్లో పొంగలి పొంగుతుండగా అక్కడ ఊరంతా నిద్రలో ఉంది.

మధ్యాహ్నం మనవడికి కమలాపండు ఇచ్చి, దాని మీద రెండు చుక్కలు పెట్టి, దారంతో అతి దగ్గరి దారి వెతకమన్నాను. మూడుసార్లు తప్పి, నాలుగోసారి బిగించి లాగాడు. దారం పైకి, తొడిమె వైపు జరిగింది. వాడి ముఖంలో వెలుగు చూశాను. బీరువాలోంచి ఆ గ్లోబు తెచ్చి ఉంటే ముప్పై ఒక్క ఏళ్లలో ఇలాంటి ముఖాలు ఎన్ని చూసేదాన్నో.

ఫిబ్రవరి 29, గురువారం

నలభై తొమ్మిది రోజుల తరవాత మళ్లీ గురువారం, నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ. ఉదయం పదిన్నరకు తలుపులు మూశారు. సరిగ్గా అదే క్షణాన మన దేశంలో అర్ధరాత్రి దాటి మార్చి ఒకటి మొదలైంది. నేను గడియారాన్ని మన సమయానికి తిప్పాను.

ఈసారి పదహారు గంటలన్నారు. అవే రెండు ఊళ్లు. గంటన్నర తేడా. దారి ఉత్తరానికి, కెనడా మీదుగా ఆర్కిటిక్ సముద్రం పైకి. నాలుగు గంటలు దాటాక సూర్యుడు అంచు దగ్గర ఎర్రగా చాలాసేపు నిలబడి మెల్లగా మునిగాడు. కింద మంచు నీలంగా కనిపించింది. రాత్రి మూడు గంటలకు మించలేదు. సైబీరియా అంచు దాటుతుండగా ఎడమవైపు తెల్లారింది. గ్లోబు మీద నా దారం ఎక్కిన ఎత్తు కన్నా పైకి ఎక్కాం.

ఢిల్లీలో దిగేసరికి శుక్రవారం సాయంత్రం నాలుగు. నా ఫిబ్రవరి 29 పదిన్నర గంటలే నడిచింది. దిగగానే అక్కయ్య ఫోను. "ఈ రాత్రికే హైదరాబాద్ విమానం ఉందా? ఉంటే తమ్ముణ్ని శంషాబాద్ పంపిస్తా. ముందు ఏమైనా తిన్నావా?"